గ్రిల్‌లో బొగ్గులు ఎక్కువేసేశారా? ముందు మూత సంగతి చూడండి

మా పెరట్లో మొదటిసారి బొగ్గుల గ్రిల్ వెలిగించిన రోజు అరబస్తా బొగ్గులు ఒకేసారి గుమ్మరించేశాను, పది మంది తినాలి కదా ఆ మాత్రం నిప్పు ఉండొద్దా అనుకున్నా. పది నిమిషాలైనా పైకి ఏమీ కనపడలేదు, మొదట్లో వచ్చిన మంట కూడా ఆరిపోయింది, సన్నగా పొగ మాత్రం వస్తోంది. మా బావ పక్కనే నిలబడి "అంటుకోలేదురా, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు, వేశాను. ఇంకో పావుగంటకి ఆ గ్రిల్ దగ్గరికి ఎవరూ వెళ్ళలేని పరిస్థితి. చికెన్ పైనేమో మాడి మసి, లోపల కోసి చూస్తే పచ్చిగా గులాబీ రంగు, పట్టకారు పట్టుకున్న చేతి మీద వెంట్రుకలు అన్నీ కమురుకుపోయాయి, పక్కన తీగ మీద ఆరేసిన దుప్పటికి నిప్పురవ్వలు పడి నాలుగు చిల్లులు. అంతటితో పోయింది, నయం.

ఆ తర్వాత చాలాసార్లు చేశాను, ఇంకా కొన్ని వెధవ పనులు కూడా చేశాను (వస్తాయి కింద). బొగ్గులతో వచ్చిన చిక్కల్లా ఏంటంటే, మీరు ఇప్పుడు వేసింది ఇప్పుడు కనపడదు, అరగంట తర్వాత కనపడుతుంది. గ్యాస్ స్టవ్ లాగా తిప్పగానే పెరిగి తిప్పగానే తగ్గేది కాదు ఇది. కట్టెలోంచి మంటగా మండే సరుకంతా బొగ్గు తయారుచేసేటప్పుడే పోతుంది, మిగిలేది దాదాపు అంతా కార్బనే, అది పెద్దగా మంట లేకుండా లోపల్లోపల రగులుతుంది. ఒక బొగ్గు పక్కదాన్ని అంటించాలి, అది ఇంకోదాన్ని అంటించాలి, మొదట్లో నిదానంగా ఉంటుంది ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ కలిసి అందుకుంటాయి. పైగా బూడిద కప్పేసి పగటి వెలుతుర్లో చల్లారిపోయినట్టే కనిపిస్తుంది. నివురుగప్పిన నిప్పు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అందుకే మొదటి పది నిమిషాల్లో "అంటుకోలేదు" అని ఎవరు చెప్పినా నమ్మకండి, మీకే అనిపించినా నమ్మకండి.

ఎన్ని బొగ్గులు వెయ్యాలి

కొలత చాలా సింపుల్. మీరు జాలీ మీద పరిచే సరుకు ఎంత మేర వస్తుందో అంత మేర కింద బొగ్గులు ఒకే ఒక్క వరసగా పరవండి, చుట్టూ ఒక అంగుళం ఎక్కువ. అంతే. కుప్పగా రెండు మూడు వరసలు అవసరమయ్యేది బాగా గట్టి సెగ కావాలనుకున్నప్పుడే, అది కూడా గ్రిల్‌లో ఒక పక్క మాత్రమే. 57 సెంటీమీటర్ల గుండ్రటి మూత గ్రిల్ ఉంటుంది కదా, మామూలు వంటకి దాంట్లో ఒక 50 బ్రికెట్లు సరిపోతాయి, 100 అంటే చాలా గట్టి నిప్పు. బ్రికెట్లు అంటే పొడిని పిండిబంకతో కలిపి అచ్చు పోసిన దిండు ఆకారం బొగ్గులు, అన్నీ ఒకే సైజు కాబట్టి లెక్క తెలుస్తుంది, నిలకడగా కాలతాయి. చెట్టు కొమ్మల ఆకారంలోనే ఉండే మామూలు బొగ్గులైతే త్వరగా అంటుకుంటాయి, ఇంకా వేడిగా కాలతాయి, త్వరగా అయిపోతాయి, చిటపటమని రవ్వలు కూడా ఎగరేస్తాయి. కొత్తవాళ్ళు బ్రికెట్లతో మొదలెడితే మంచిదని నా అభిప్రాయం, మామూలు బొగ్గుల రుచి వేరు అని వాదించేవాళ్ళు ఉన్నారు, వాదించుకోనివ్వండి, ముందు చెయ్యి కాలకుండా వండటం రావాలి.

తక్కువ అయితే ఏం చెయ్యాలి అంటారా, ఇంకో పది బొగ్గులు పక్కన విడిగా అంటించి చేర్చొచ్చు. ఎక్కువైతే తీయడం మాత్రం నరకం.

వెలిగించే ముందు

చోటు ముఖ్యం. ఇంటి గోడ, కంచె, చెక్క మెట్లు, చెట్టు కొమ్మలు, బట్టల తీగ వీటన్నిటికీ కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. రేకుల షెడ్డు కింద, గొడుగు కింద, వసారాలో వద్దు. ఎండుగడ్డి ఉంటే ముందు తడపండి లేదా చోటు మార్చండి. గ్రిల్ కదలకుండా నిలబడుతుందో లేదో ఒకసారి ఊపి చూడండి, ఒక కాలు లొటలొటలాడే గ్రిల్ మీద రెండు కిలోల నిప్పులు పెట్టడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. గాలి గట్టిగా ఉంటే ఆ రోజుకి మానెయ్యండి, నిజంగా చెప్తున్నా.

చేతికి అందేలా ఈ సామాన్లు ఉండాలి: ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్ళు (గ్రిల్‌లో పొయ్యడానికి కాదు, గడ్డి మీద పడిన రవ్వలకి, మీ చేతికి), పొడుగు పట్టకారు, మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్స్. గ్రిల్ మూత ఎక్కడుందో చూసుకోండి, సరిగ్గా కూర్చుంటుందో లేదో చల్లగా ఉన్నప్పుడే పెట్టి చూడండి. వీలుంటే పొడి రకం అగ్నిమాపక సిలిండర్ కూడా. ఇక బట్టలు, వదులు చేతుల చొక్కాలు, వేలాడే చున్నీలు, నైలాన్ పాలిస్టర్ లాంటివి వద్దు, అవి అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుపోతాయి, కాటన్ వేసుకోండి.

వెలిగించడం

చిమ్నీ స్టార్టర్ అని ఒక రేకు గొట్టం ఉంటుంది, పిడి ఉంటుంది, కింద చిల్లుల పళ్ళెం. పైన బొగ్గులు, కింద రెండు నలిపిన పేపర్లు, పేపరుకి నిప్పు పెడితే గొట్టంలో గాలి పైకి లాగి 15-20 నిమిషాల్లో బొగ్గులన్నీ తయారు. పైవాటి మీద బూడిద రంగు పూత రావడం మొదలైతే రెడీ అన్నట్టు. దీంతో ఇంకో లాభం ఏంటంటే గొట్టమే కొలపాత్ర అవుతుంది, పెద్ద గొట్టంలో సుమారు 100 బ్రికెట్లు పడతాయి, సగం నింపితే 50. ఇది కొన్నాక నా సగం కష్టాలు పోయాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కణకణలాడే ఆ గొట్టాన్ని సిమెంటు గచ్చు మీద పెట్టకండి, కాంక్రీటులో ఉండే తేమ వేడికి ఆవిరై పైపొర పెచ్చులు పెచ్చులుగా ఎగురుతుంది. నేను పెట్టాను, టప్ మని పేలి ఒక పెచ్చు వచ్చి పిక్కకి తగిలింది. గ్రిల్ లోపలే పెట్టి వెలిగించండి, అడుగున.

లైటర్ ఫ్లూయిడ్, అంటే బొగ్గులు త్వరగా అంటుకోవడానికి చల్లే ద్రవం, వాడేవాళ్ళు ఉంటారు. వాడితే చల్లని బొగ్గుల మీద మాత్రమే చల్లండి, ఒక నిమిషం ఇంకనివ్వండి, డబ్బా మూత పెట్టి దూరంగా పెట్టేసి వచ్చి, అప్పుడు పొడుగు అగ్గిపుల్లతో అంటించండి. ఒకసారి వెలిగించాక మళ్ళీ ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు, ఆరిపోయినట్టు కనపడినా సరే. లోపల ఎక్కడో ఒక బొగ్గు రగులుతూనే ఉంటుంది, దాని వేడికి ఫ్లూయిడ్ ఆవిరై పొగలాగా లేస్తుంది, ఆ ఆవిరి భగ్గుమంటే మంట మీ ముఖం ఎత్తుకి వస్తుంది, లేకపోతే పోస్తున్న ధారనే పట్టుకుని డబ్బా దాకా ఎక్కుతుంది. ఇంటి పెరళ్ళలో గ్రిల్ దగ్గర ముఖాలు కాల్చుకునే మామూలు పద్ధతి ఇదే. ఇక పెట్రోల్ అయితే అసలు ఆలోచనే రానివ్వకండి, దాని ఆవిరి కంటికి కనపడకుండా నేల మీద పాకుతుంది, అగ్గిపుల్ల గీసేలోపు మీ కాళ్ళ చుట్టూ ఉంటుంది. స్పిరిట్, శానిటైజర్ కూడా అంతే, పైగా ఆ మంట ఎండలో సరిగా కనపడదు, ఆరిందనుకుని మళ్ళీ పోస్తారు.

గాలే మీ రెగ్యులేటర్

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. బొగ్గులు ఎంత వేడిగా కాలతాయన్నది ఎన్ని వేశారు అన్నదాంతో పాటు ఎంత గాలి అందుతోంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కింద చిల్లుల్లోంచి గాలి లోపలికి వస్తుంది, మూత మీది చిల్లుల్లోంచి పొగా వేడీ బయటికి పోతాయి. కింద చిల్లు సగం మూస్తే నిప్పు తగ్గుతుంది, కాస్త ఆగాలి, వెంటనే తగ్గదు, ఒక ఐదు పది నిమిషాలు. పై చిల్లు మాత్రం వండుతున్నంతసేపూ కొంచెమైనా తెరిచి ఉంచండి, లేకపోతే పొగ లోపలే తిరిగి కూరంతా చేదెక్కుతుంది.

చాలామంది మూతని అలంకారం అనుకుంటారు. 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, నీటి మీద తేలే బోయాలు తయారుచేసే రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆ బోయా గోళాన్నే రెండుగా కోసి కింద సగానికి కాళ్ళు పైసగానికి పిడి పెట్టి మూత గ్రిల్ చేశాడు, ఇప్పటికీ వెబర్ కెటిల్ అని అమ్మేది అదే. అప్పటి పెరటి గ్రిల్లులు బార్లా తెరిచిన పళ్ళాలే, గాలి వచ్చినప్పుడల్లా బూడిద ఎగిరేది, నిప్పు చేతిలో ఉండేది కాదు. అంటే మూత పుట్టిందే మన సమస్య కోసం.

మూత లేని గ్రిల్ అయితే? అప్పుడు గాలి మీద మీకు అధికారం లేదు, కాబట్టి బొగ్గులు ఇంకా తక్కువ వెయ్యాలి, జాలీ ఎత్తు మార్చే వీలుంటే పైకి ఎత్తాలి.

ఇంకో అలవాటు, బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టి ఇంకో పక్క ఖాళీగా ఉంచండి. ఒక వైపు సెగ, ఒక వైపు చల్లటి చోటు. మంట లేచినప్పుడు పరిగెత్తి దాక్కోవడానికి మీ చికెన్‌కి ఒక చోటు ఉండాలి కదా. ముక్కలు ముందు సెగ వైపు రంగు తెప్పించి, తర్వాత ఖాళీ వైపుకి మార్చి మూత పెడితే నిదానంగా లోపల దాకా ఉడుకుతాయి. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి, థర్మామీటర్ ఉంటే గుచ్చి చూడటమే, రంగు చూసి చెప్పడం కష్టం. తీపి ఉన్న సాస్‌లు ఏవైనా చివర్లోనే పుయ్యండి, చక్కెర ముందే పూస్తే మాడుతుంది. నూనె కారుతున్న ముక్కని తీసుకెళ్ళి నేరుగా నిప్పుల మీద పెట్టకండి, విదిలించి పెట్టండి. నూనె స్ప్రే డబ్బాని మండుతున్న గ్రిల్ మీద కొట్టేవాళ్ళని కూడా చూశాను, చేతిలో మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్ పట్టుకున్నట్టే అది.

సెగ చూడటానికి అరచెయ్యి జాలీకి పైన ఒక 12 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లకే చెయ్యి తీసేయాల్సి వస్తే చాలా గట్టి సెగ, నాలుగైదు అయితే మధ్యస్తం, ఎనిమిది పది దాకా ఉండగలిగితే మంద సెగ. ఒక్క సెకను కూడా పెట్టలేకపోతే, కింద రాసిన భాగం మీ కోసమే.

ఎక్కువైపోయింది, ఇప్పుడేం చెయ్యాలి

మొదట తినేవాటిని తీసేయండి, పట్టకారుతో, పళ్ళెంలోకి. ఆశపడి "ఇంకొక్క నిమిషం" అనొద్దు. పిల్లల్ని, కుక్కల్ని దూరం పంపండి. తర్వాత మూత పెట్టి కింద చిల్లులు, పై చిల్లులు అన్నీ మూసేయండి. పది నిమిషాలు వదిలేయండి. గాలి అందక నిప్పు దానంతట అదే దిగుతుంది. ఆ పది నిమిషాలే కష్టం, మధ్యలో తీసి చూడాలనిపిస్తుంది, తీశారో ఒక్కసారిగా గాలి దూరి భగ్గున లేస్తుంది. తీయాల్సి వస్తే ముందు పై చిల్లు కొంచెం తెరిచి, ఒక నిమిషం ఆగి, పక్కకి నిలబడి మూతని మీకు అవతలి వైపు నుంచి మెల్లగా ఎత్తండి, ముఖం దాని పైన ఉండకూడదు. నిప్పు లొంగాక చిల్లులు సగం తెరిచి వంట మళ్ళీ మొదలెట్టుకోవచ్చు.

మూత లేకపోతే పట్టకారుతోనో పొడుగు పారతోనో బొగ్గుల్ని పల్చగా చెదరగొట్టండి. ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపే బొగ్గులు ఒకదాన్నొకటి వేడెక్కించుకుంటాయి, విడదీస్తే ఒక్కోటీ నీరసపడుతుంది. ఎక్కువ ఉన్నవాటిని ఇనప బకెట్‌లోకి తీసి మూత పెట్టొచ్చు, కానీ బకెట్ ముందే దగ్గర ఉంటేనే, నిప్పులు పట్టుకుని పెరడంతా నడవొద్దు. అదీ కుదరకపోతే ఇసుక.

నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. నేను రెండోసారి చేసిన వెధవ పని ఇదే, కంగారులో ఒక చెంబుడు గుమ్మరించాను. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది, ఆ దెబ్బకి సలసల కాగే ఆవిరి, బూడిద, చిన్న చిన్న నిప్పులు అన్నీ కలిసి పైకి లేచాయి. కళ్ళజోడు ఉండబట్టి సరిపోయింది. వేడెక్కిన పళ్ళెం ఒంకర కూడా పోయింది, పింగాణీ పూత ఉన్నవైతే పగుళ్ళు వస్తాయి.

కొవ్వు మంట ఇంకో రకం. మాంసంలోంచి కారిన కొవ్వు, పాత నూనె జిడ్డు అడుగున చేరి అంటుకుంటే పసుపు రంగు మంట పొడుగ్గా లేస్తుంది, నల్లటి పొగ వస్తుంది. అప్పుడప్పుడూ చటుక్కున లేచి ఆరిపోయే మంటకి ముక్కని పక్కకి జరిపితే చాలు, ఆరకుండా నిలబడి మండుతోందంటే మాత్రం మూత, చిల్లులు బంద్, అంతే. దగ్గరికి వెళ్ళగలిగితే ఉప్పో వంటసోడానో గుప్పిళ్ళతో దండిగా చల్లొచ్చు. మైదా, బేకింగ్ పౌడర్ లాంటివి చల్లకండి, పొడి పిండి గాల్లో లేచి అదే అంటుకుంటుంది. కొవ్వు మంట మీద నీళ్ళు పోస్తే ఆజ్యం పోసినట్టే, నీరు అడుక్కి పోయి ఆవిరై మండుతున్న కొవ్వుని నాలుగు వైపులా చిమ్ముతుంది. ఇది రాకుండా ఉండాలంటే వండిన ప్రతిసారీ అడుగు జిడ్డు గీకి పారెయ్యడమే మార్గం. గీకడానికి తీగల బ్రష్ వాడితే ఊడిన తీగముక్క ఏమైనా జాలీకి అంటుకుందేమో తడిగుడ్డతో తుడిచి చూడండి, తిండిలో కలిసి గొంతులో గుచ్చుకున్న సంఘటనలు ఉన్నాయి.

మంట గ్రిల్ దాటి కంచెకో గోడకో గడ్డికో పాకిందా, ఇక హీరోయిజం వద్దు. అందరూ బయటికి, ఫైర్ సర్వీస్‌కి ఫోన్. అగ్నిమాపక సిలిండర్ కొట్టేది మీ వెనకాల పారిపోయే దారి ఉన్నప్పుడే, మంట అడుగు భాగానికి గురిపెట్టి. ఆ పొడి పడిన తిండి తినకండి.

చెయ్యి కాలితే కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ళలో 20 నిమిషాలు పెట్టండి, గడియారం చూసి, మనకి మూడు నిమిషాలకే విసుగొస్తుంది కాబట్టి. ఐస్ వద్దు, టూత్‌పేస్టు, వెన్న, పిండి ఇవేవీ వద్దు. ఉంగరాలు గాజులు వాపు రాకముందే తీసేయండి, బొబ్బలు చిదపకండి. ముఖం, కీళ్ళు, అరచేతులు కాలినా, అరచెయ్యంత కంటే పెద్దగా కాలినా, చిన్న పిల్లలైతే ఎంతైనా సరే, డాక్టర్ దగ్గరికి. బట్టలకి అంటుకుంటే పరిగెత్తకూడదు, నేల మీద పడి ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి.

వాన వచ్చిందని లోపలికి తేవద్దు

ఇది విడిగా చెప్పాలి. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, రంగు లేదు వాసన లేదు, మంట లేకుండా బూడిద కప్పుకుని ఉన్నప్పుడు కూడా వస్తూనే ఉంటుంది. కిటికీ తెరిచాం కదా, గ్యారేజ్ తలుపు సగం ఎత్తాం కదా అనుకుంటారు, సరిపోదు. చలేస్తోందని ఆరిపోతున్న గ్రిల్‌ని గదిలోకో టెంట్‌లోకో తెచ్చుకుని పడుకున్నవాళ్ళు లేవలేదు. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే వెంటనే ఆరుబయటకి వచ్చేసి సాయం పిలవండి. వాన వస్తే గ్రిల్ మూత పెట్టి అక్కడే వదిలేసి మీరు లోపలికి రండి, అంతే.

అయిపోయాక

చిల్లులన్నీ మూసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చల్లగా అనిపించినా బూడిదలో చెయ్యి పెట్టకండి, లోపల బొగ్గులు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు కూడా వేడిగా ఉంటాయి. 48 గంటలు ఆగి పారేస్తే నిశ్చింత. అంతకంటే ముందే తీయాలంటే మూత ఉన్న ఇనప డబ్బాలోకి తీసి, నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, ఇంటికి దూరంగా నేల మీద పెట్టండి. ప్లాస్టిక్ చెత్తబుట్ట, అట్టపెట్టె, ఎండాకుల కుప్ప ఇవి కాదు. ఇసుకలో పాతిపెట్టి ఊరుకోవద్దు, పైన చల్లగా కనిపించే ఇసుక కింద గంటలకొద్దీ వేడి నిలుస్తుంది, పిల్లలు చెప్పుల్లేకుండా తొక్కుతారు.

గాలి ఆపి ఆర్పిన బొగ్గులు కొన్ని మిగులుతాయి, పారేయకండి. బూడిద దులిపి పొడిగా ఉన్న డబ్బాలో దాచుకుంటే ఇంకోసారికి పనికొస్తాయి, కొత్తవాటితో కలిపి గొట్టంలో వేసుకోవచ్చు. ఇవి ఒకసారి కాలినవి కాబట్టి కొత్తవాటికంటే త్వరగా అంటుకుంటాయి, అలాగే త్వరగా అయిపోతాయి, కాబట్టి వీటిని గొట్టం అడుగున వేసి కొత్తవి పైన వెయ్యండి.